బుధవారం రొట్టె

షాపు తలుపు మీద సుద్దముక్కతో రాశాను:
"బుధ, గురువారాలు లేను. జాకెట్లకి శుక్రవారం రండి."
ఎక్కడికి పోతున్నానో రాయలేదు.
రాస్తే కనిగిరిలో సగం మంది మలై కాజా తెమ్మంటారు.

చీమకుర్తి క్వారీలో సమ్మె.
రాయి కోసే మనిషి రెండ్రోజులు ఇంట్లో కూచుని
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
"నెల్లూరు పోదామా" అన్నాడు,
ఉప్పు ఇటు జరపమన్నట్టు.

తెల్లారుజాము బస్సు దిగితే
లాడ్జీ గుమాస్తా మా ఆధార్ కార్డులు వెలుతురుకి పట్టి చూశాడు.
చేతిసంచీ ఒకటే. వెంట పిల్లల్లేరు.
పెళ్ళి పిలుపు లేదు, ఆసుపత్రి చీటీ లేదు.
"మరెందుకొచ్చినట్టు?"
మాలకొండయ్య మెడ నిమురుకొని
"ఊరికే" అన్నాడు.
గుమాస్తాకి అనుమానం రెట్టింపయింది.
మెట్లెక్కుతూ ఈయన మీసం దువ్వాడు:
"లేచిపోయొచ్చామనుకుంటన్నాడే పెంచలా!"
నలభై ఆరేళ్ళ మనిషికి అంత సంబరం.

సంచీ గదిలో పడేసి కారం దోశకి పరిగెత్తాం.
ఎర్రకారం నాలిక్కి తగలగానే
ముక్కూ కళ్ళూ ఏకమై కారుతుంటే నవ్వాడు.
ఉన్న ఒక్క నీళ్ళ గ్లాసూ నావైపు జరిపాడు.
ఈ మర్యాద ఇంట్లో ఏ అటక మీద దాచాడో.

ట్రంకు రోడ్డులో బొమ్మకి తొడిగిన ప్రతి జాకెట్టు దగ్గరా ఆగాను.
"చంకలో ముడత చూడు, కటింగు తప్పు."
అతను ప్రతి బ్యాంకు మెట్టు దగ్గరా వంగాడు.
"ఇది మా రాయే. పక్కకి వంగి చూడు, చుక్కలు మెరుస్తయ్."
ఇద్దరం మెట్ల మీద గొంతుక్కూచుని
పట్టపగలు చుక్కలు చూస్తుంటే
సెక్యూరిటీ అబ్బాయి వచ్చి లేవమన్నాడు.

మైపాడులో
చేతిలో టేపు లేకుండా సముద్రం ముందు నిలబడ్డాను.
అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి
ఎదురెళ్ళడం, అల రాగానే వెనక్కి ఉరకడం.
కొండని నిలువునా కోసేవాడు
చారెడు నురుగుకి జడుసుకున్నాడు.
నేనే తడిశాను, నడుం దాకా,
చీర ఖరీదు గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.
ఫోటో తియ్యమని ఐసు అమ్మే పిల్లాడికి ఫోనిస్తే
ఇద్దరి తలలూ ఎగరగొట్టాడు.
ఉంది ఆ ఫోటో. నాలుగు కాళ్ళు, ఒక చెప్పు.

సాయంత్రం స్వర్ణాల చెరువు.
రొట్టెల పండగ అయిపోయి నెలలైంది.
గట్టు మీద శనక్కాయల బండి, ఒక కుక్క, మేము.
ఈయన సంచీలోంచి బస్సులో మిగిలిన బన్ను తీసి
నీళ్ళలోకి రెండు మెట్లు దిగి
సగం తుంచి నా చేతికిచ్చాడు.
"ఇదేం రొట్టె?"
పండగప్పుడైతే ఉద్యోగం రొట్టె ఉంటుంది,
ఇంటి రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె.
కుక్క తోక ఆడించినంత సేపూ ఆలోచించి
"బుధవారం రొట్టె" అన్నాడు.
కోరిక తీరినవాళ్ళు ఇస్తారు రొట్టె,
తీరాల్సినవాళ్ళు పుచ్చుకుంటారు.
మా ఇద్దర్లో ఎవరు ఎవరో అడగలేదు.
తిన్నాను. కాస్త ఎండిపోయింది.

రాత్రి చేపల పులుసులో ముళ్ళు ఏరుతూ లెక్కేశాను.
పెళ్ళై ఇరవై రెండేళ్ళు.
క్వారీ నుంచి ఈయనొచ్చే ఆదివారాలు మాత్రం కూడితే
మూడేళ్ళు, పైన కొన్ని రోజులు.
లాడ్జీ గుమాస్తా తప్పేం లేదు.

గురువారం సంగతి కాగితం మీద పెట్టను.

తిరుగు బస్సు ఆత్మకూరు దాటాక
నా భుజం మీద తల వాల్చాడు.
కళ్ళతోనే కొలిచాను:
మెడ పదహారు.
పోయినసారి చొక్కా కుట్టినప్పుడు పదిహేనున్నర.
ఎప్పుడు పెరిగిందో ఆ అరంగుళం, నేను చూడందే.

పామూరు దగ్గర అతని జేబులో ఫోను మోగింది.
నేనే ఎత్తాను.
సమ్మె విరమించారంట, తెల్లారి డ్యూటీ.
సరేనన్నాను.
కనిగిరి వచ్చిందాకా
లేపలేదు.